మందు పడటం, పడకపోవటం

“ఆ మందు నాకు పడదండీ” అనే మాట వినని డాక్టరు మన వైపు వుండడు. వంకాయ పడదు, చన్నీళ్ళు పడవు, కొత్త వూరి నీళ్ళు పడలేదు. పడటం అనే క్రియకు మనవాళ్ళు అప్పగించిన పనులు ఇన్నీ అన్నీ కావు. చాలామంది డాక్టర్లు ఈ మాట విని చిన్నగా నవ్వి, రాసే మందు రాసేస్తారు. నేను మాత్రం ఆ మాటను తేలిగ్గా తీసుకోలేను. ఒక మందు నాకు నిజంగానే పడదు. ఎందుకు పడదో పూర్తిగా తెలియటానికి పాతికేళ్ళకు దగ్గరగా పట్టింది.

మన విద్యార్థి సంఘం కార్యదర్శి మొన్న ఇంటికి వచ్చి, “మాస్టారూ, సువనీరుకి కవితలు బస్తాడు వచ్చాయి, సైన్సు వ్యాసం ఒక్కటీ లేదు” అని వాపోయాడు. ఈ కళాశాలలోనే చదివి, ఇక్కడే జంతుశాస్త్రం చెప్పి రిటైరైన వాణ్ణి గనుక కాదనలేకపోయాను. జన్యువుల్ని బట్టి మందులు రాయటం గురించి రాస్తానన్నాను. ఆ విషయం మీద నాకున్న పరిచయం పుస్తకాలతో మొదలు కాలేదు. ఇక్కడి హాస్టల్లో మొదలైంది.

1983లో నేను బి.ఎస్సీ. ఆఖరు సంవత్సరం. ఒక రాత్రి కడుపులో కుడివైపు కత్తితో పొడిచినట్టు నొప్పి. రూమ్మేట్లు ఇద్దరు నన్ను రిక్షాలో వేసుకుని ఆసుపత్రికి తీసుకుపోయారు. అపెండిక్సు, వెంటనే కోయాలన్నారు. చేతికి సూది గుచ్చటం, బల్లపైన దీపం గుండ్రంగా కనిపించటం గుర్తున్నాయి. తరువాత గుర్తున్నది మాటలు. ఆపరేషను అయిపోయినట్టుంది. గిన్నెలు కడుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. కళ్ళు తెరుద్దామంటే రెప్పలు నావి కావు. వేలు కదపబోతే వేలు లేదు. అన్నిటికంటే భయపెట్టింది మరొకటి. వూపిరి నేను తీసుకోవటం లేదు, ఎవరో లోపలికి కొడుతున్నారు.

“ఇటివ్వరా, నీ చేతులు పడిపోతాయి. కాసేపు నేను పిసుకుతా.”

“వీడికేమైందిరా? గంటన్నర దాటింది.”

“ఏమో. పెద్ద మేడమ్‌కి కబురు పంపారు.”

ఆ రోజుల్లో ఆ ఆసుపత్రిలో వెంటిలేటరు లేదు. హౌస్ సర్జన్లు ఇద్దరు వంతులు వేసుకుని రబ్బరు తిత్తి పిసుకుతూ నాకు గాలి అందిస్తున్నారు. పెద్ద మేడమ్ అంటే మత్తు డాక్టర్లలో పెద్దావిడ. ఆవిడ వచ్చి నా నుదుటి మీద చెయ్యి వేసి, గట్టిగా కాదు, మామూలుగా మాట్లాడినట్టే అన్నది: “బాబూ, నువ్వు వింటున్నావనే అనుకుంటున్నాను. నీకేమీ కాలేదు. ఇచ్చిన మందు దిగటం ఆలస్యమవుతోంది. అది దిగేదాకా మేమెవరం ఎక్కడికీ వెళ్ళం.” తరువాత నిద్ర మందు ఇమ్మని వాళ్ళకు చెప్పింది. మళ్ళీ కళ్ళు తెరిచేసరికి తెల్లవారింది. మొత్తం ఆరు గంటలు తిత్తి పిసికారట. ఆ హౌస్ సర్జన్ల పేర్లు నేను అడగనైనా లేదు.

నాకు ఇచ్చినది సక్సినైల్‌కోలిన్. మన ఆసుపత్రుల్లో స్కోలిన్ అనేవారు. గొంతులోకి గొట్టం దించటానికి కండరాలు సడలాలి గదా, అందుకు ఇస్తారు. అది ఎక్కడానికి నిమిషం పడుతుంది, దిగడానికి అయిదు నుంచి పది నిమిషాలు. అంత తొందరగా దిగిపోతుంది గనుకనే మత్తు డాక్టర్లకు దానిమీద అంత మక్కువ. మందు అంతట అది దిగిపోదు. రక్తంలో బ్యుటిరిల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైము వుంటుంది, పాత పేరు సూడోకోలినెస్టరేజ్. సూది మందులో ఎక్కువ భాగాన్ని కండరం దగ్గరికి చేరకముందే అది ముక్కలు చేసేస్తుంది. ఈ ఎంజైము లేనివాడికి ఇచ్చిన మందంతా కండరాలకు చేరి అక్కడే కూర్చుంటుంది. కాళ్ళూ చేతులతో పాటు వూపిరి కండరాలూ పడిపోతాయి. ఎవరో ఒకరు గాలి అందిస్తూ వుంటే గంటల మీద అది మెల్లగా పోతుంది, మనిషికి ఏ లోపమూ మిగలదు. గాలి అందించేవాళ్ళు లేకపోతే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

ఈ ఎంజైము లేనంత మాత్రాన మరే జబ్బూ రాదు. తింటాడు, తిరుగుతాడు, పరీక్షలు రాస్తాడు. ఆ సూది పడేదాకా తనలో ఒక కొరత వున్నదని వాడికీ తెలియదు, డాక్టరుకీ తెలియదు. మందుల జన్యుశాస్త్రమంతా ఇలాంటి మూగ కొరతల చుట్టూనే తిరుగుతుంది.

ఈ శాస్త్రం పుట్టిన కొద్ది తావుల్లో స్కోలిన్ ఒకటి. 1951 ప్రాంతంలో అది ఆపరేషన్లలో వాడుకకు వచ్చింది. కొద్ది సంవత్సరాల్లోనే, ఎక్కడో ఒకరికి గంటల తరబడి దిగటం లేదని తెలిసింది. టొరాంటోలో పనిచేసిన వెర్నర్ కాలో దీని వెంట పడ్డాడు. అలాంటివారిలో ఎంజైము తక్కువగా వుండటం ఒక్కటే కారణం కాదనీ, కొందరిలో దాని తీరే వేరుగా వుంటుందనీ, అది తరాల వెంట వస్తుందనీ చూపాడు. డిబుకైన్ అనే మత్తుమందు కలిపినప్పుడు మామూలు ఎంజైము పని దాదాపు 80 శాతం ఆగిపోతుంది. తేడా ఎంజైము 20 శాతం మాత్రమే ఆగుతుంది. 1957 నాటి ఆ చిన్న పరీక్షే నేటి పెద్ద పరీక్షలకు తాత అనవచ్చు. జన్యువు నిర్మాణం చూడకుండా, గాజు గొట్టంలో ఎంజైమును కదిపి, జన్యువు సంగతి చెప్పించారు. ఇదే కాలంలో మలేరియాకిచ్చే ప్రైమాక్విన్ కొందరిలో ఎర్ర కణాల్ని పగలగొట్టటం, క్షయకిచ్చే ఐసోనయజిడ్ కొందరిలో త్వరగానూ కొందరిలో నెమ్మదిగానూ ఖర్చు కావటం కూడా వంశపారంపర్యమేనని తేలింది. 1959లో జర్మనీలో ఫ్రీడ్రిఖ్ ఫోగెల్ ఈ మొత్తానికి ఫార్మకోజెనెటిక్స్ అని పేరు పెట్టాడు. చూశారా, ఇది ఈనాటి ఫ్యాషన్ కాదు. నాకంటే వయసులో పెద్దది.

నా కథకు వస్తాను. నాలుగో రోజున మా అమ్మ వూరి నుంచి వచ్చింది. పెద్ద మేడమ్ ఆవిణ్ణి పిలిచి అడిగింది.

“మీ ఇంట్లో ఎవరికైనా ఎప్పుడైనా ఇలా అయిందా అమ్మా?”

“మా మరిదికి అయిందండీ. మద్రాసులో కోశారు, ఒక పగలంతా లేవలేదు. క్లోరోఫారం ఎక్కువైందన్నారు. నాకు సొంత మేనమామ కూడా లెండి.”

“ఆ రెండో మాటే నాకు కావలసింది” అన్నది మేడమ్.

మా అమ్మ మా నాన్నకు అక్క కూతురు. మా ఇళ్ళలో ఇది మామూలే. తాత, నాయనమ్మ ఇద్దరిలోనూ ఒక్కొక్క చెడ్డ ప్రతి వుంటే బాబాయికి రెండూ చెడ్డవే వచ్చాయి. నాన్నకు ఒకటి, అత్తకు ఒకటి. అత్త నుంచి అమ్మకు. అమ్మా నాన్నా కలిస్తే పిల్లల్లో ఒక్కొక్కరికి నాలుగింట ఒక వంతు చొప్పున రెండూ చెడ్డవే వచ్చే అవకాశం. క్లాసులో మెండెల్ బటానీల లెక్క నేను తప్పు లేకుండా చేసేవాణ్ణి. నేను కూడా ఒక బటానీనే అని అప్పుడు తెలిసింది.

మా ఆసుపత్రుల్లో ఈ ఎంజైము పరీక్ష కొత్తేమీ కాదు. పురుగుమందు తాగి వచ్చినవాళ్ళకు అదే చేస్తారు, ఆ విషం ఈ ఎంజైమును అణిచేస్తుంది గనుక. పురుగుమందు ముట్టని నాకు పరీక్ష చేస్తే దాదాపు సున్నా వచ్చింది. తమ్ముడికీ అంతే. అక్కకు సగం. మేడమ్ ఆసుపత్రి చీటీ మీద ఇంగ్లీషులో మూడు వాక్యాలు రాసి సంతకం చేసి ఇచ్చింది. ఈ వ్యక్తికి స్కోలిన్ ఇవ్వరాదు, ఎంజైము లేదు, తోబుట్టువులకూ పరీక్ష చేయించండి. “దీన్ని పర్సులో పెట్టుకో. నేను పోయినా అది వుంటుంది” అన్నది. తమాషా ఏమిటంటే ఆసుపత్రి ఇచ్చిన డిశ్చార్జి కాగితంలో ఇందులో ఒక్క ముక్క లేదు. తేరుకోవటం ఆలస్యమైనది అని మాత్రం వున్నది.

మేడమ్‌కి అంత తొందరగా ఎందుకు స్ఫురించింది? నా పేరు, నా ఇంటి పేరు చూసి. మేము వైశ్యులం. మా కులంలో ఈ కొరత ఎక్కువని దక్షిణాది మత్తు డాక్టర్లకు అనుభవం మీద తెలుసు. తరువాత రుజువులు వచ్చాయి. 2006లో కోయంబత్తూరు భారతీయార్ విశ్వవిద్యాలయం పరిశోధకులు అమెరికా సహచరులతో కలిసి వైశ్యుల్లోని ఆ మార్పు ఏదో పట్టుకున్నారు. ఎంజైము అమినో ఆమ్లాల గొలుసు గదా, అందులో 307వ స్థానంలో లూసీన్ బదులు ప్రోలీన్ వున్నది. ప్రోలీన్ వంకర మనిషి, కూర్చున్నచోట గొలుసును మెలిపెడుతుంది. అంతే, ఎంజైము పనికిరాకుండా పోతుంది. 2017లో హైదరాబాదు సి.సి.ఎం.బి.కి చెందిన తంగరాజ్, హార్వర్డుకు చెందిన డేవిడ్ రైక్ బృందాలు కలిసి ప్రకటించిన వ్యాసంలో, ఈ కొరత వైశ్యుల్లో ఇతరులకంటే సుమారు నూరు రెట్లు ఎక్కువని చెప్పారు. కారణం కూడా చెప్పారు. ఎన్నో శతాబ్దాల కిందట కొద్దిమందితో మొదలైన గుంపు, అప్పటి నుంచి తమలో తామే పెళ్ళిళ్ళు చేసుకుంటూ లక్షల మంది అయ్యారు. ఆ కొద్దిమందిలో ఎవరి దగ్గరో వున్న ఒక తేడా ప్రతి ఇప్పుడు లక్షల ఇళ్ళలో వున్నది. ఇది వైశ్యులకే పరిమితమైన సంగతి కాదు. మన దేశంలో ఇలాంటి చరిత్ర వున్న కులాలు చాలా వున్నాయనీ, ఏ గుంపులో ఏ కొరత దాగి వుందో వెతకవలసిందనీ ఆ వ్యాసం సారాంశం.

ఇక్కడొక ఇబ్బంది వుంది. కులం పేరు చూసి మందు నిర్ణయించటం సబబేనా? నా ప్రాణం కాపాడింది ఆ వూహే గనుక సబబు కాదని నోటితో అనలేను. కాని కులం పరీక్ష కాదు, అనుమానం మాత్రమే. వైశ్యుల్లోనూ ఎక్కువమందికి ఎంజైము శుభ్రంగా వుంటుంది. ఇతరుల్లోనూ లేనివాళ్ళు వున్నారు. వాళ్ళ ఇంటి పేరు చూసి ఏ డాక్టరూ ఆగడు. అనుమానం దగ్గర ఆగిపోవటం డాక్టరుకు సులువు, నిజం తెలుసుకోవటం రోగికి అవసరం. స్కోలిన్ విషయంలో మాత్రం ఒక వెసులుబాటు వున్నది. దాని బదులు రోక్యురోనియం లాంటి మందులు ఇప్పుడు వున్నాయి, అనుమానం వుంటే స్కోలిన్ మానేస్తే సరిపోతుంది. బదులు మందు సమానంగా వున్నచోట ఒక్క ప్రశ్న చాలు, జన్యు పరీక్ష కోసం ఆగనక్కర్లేదు. అన్ని మందుల సంగతీ ఇలా వుండదు.

మూర్ఛకిచ్చే కార్బమజెపైన్ సంగతి చూడండి. టెగ్రెటాల్ అనే పేరుతో మనకు తెలిసినదే. మంచి మందు, చవక, వేలమంది సంవత్సరాల తరబడి వాడుతున్నారు. కాని ఏ కొద్దిమందికో, మొదలుపెట్టిన కొద్ది వారాల్లో జ్వరం వచ్చి, నోరూ కళ్ళూ పుండ్లు పడి, ఒంటి మీద చర్మం కాలినట్టు బొబ్బలెక్కి వూడిపోతుంది. స్టీవెన్స్ జాన్సన్ జబ్బు అంటారు. ప్రాణాలు పోతాయి, బతికినవాళ్ళలో కొందరికి చూపు పోతుంది. ఇది ఎవరికి వస్తుందో ఎన్నాళ్ళుగానో ఎవరికీ అంతుపట్టలేదు. 2004లో తైవాన్ పరిశోధకులు ఈ జబ్బు వచ్చిన 44 మందిని పరీక్షించారు. 44 మందిలోనూ హెచ్.ఎల్.ఎ.-బి 15:02 అనే జన్యు రకం వున్నది. అదే మందు వాడి ఏమీ కాని 101 మందిలో ముగ్గురికే వున్నది. మా శాస్త్రంలో ఇంత తెల్లగా లెక్క తేలటం అరుదు.

అయితే లెక్క తేలటం వేరు, వైద్యం మారటం వేరు. తైవాన్ వాళ్ళు అక్కడితో ఆగలేదు. ఈ మందు మొదలుపెట్టబోయే 4,877 మందికి ముందే పరీక్ష చేశారు. ఆ రకం వున్న 7.7 శాతం మందికి వేరే మందు ఇచ్చారు, మిగిలినవారికి ఇదే ఇచ్చారు. పాత లెక్కల ప్రకారం పదిమందికి దాకా ఆ జబ్బు రావాలి. ఒక్కరికీ రాలేదు. ఇది 2011లో అచ్చయింది. సింగపూరులో 2013 నుంచి ఆసియా సంతతి వాళ్ళకు ఈ మందు తొలిసారి రాసే ముందు పరీక్ష చేయటం ప్రామాణిక వైద్యమైంది.

హాంకాంగులో మాత్రం కథ మలుపు తిరిగింది. అక్కడ 2008లోనే పరీక్ష తప్పనిసరి చేశారు. తరువాత లెక్క చూస్తే కార్బమజెపైన్ వల్ల వచ్చే చర్మవ్యాధి మాయమైపోయింది. సంతోషించవలసిందే గాని, మొత్తం మూర్ఛ మందుల వల్ల వచ్చే అదే వ్యాధి దాదాపు ఎప్పటంతే వున్నది. ఎందుకంటే పరీక్ష ఫలితం రావటానికి రోజులు పడుతుంది, మూర్ఛ రోగి ఎదురుగా కూర్చున్నాడు. డాక్టర్లు పరీక్ష రాసే బాధ తప్పించుకోవటానికి ఆ మందు రాయటమే మానేశారు. పరీక్ష అడగని ఫెనిటోయిన్ రాశారు. ఫెనిటోయిన్ కూడా ఆ జబ్బు తెప్పించగల మందే. ఇందులో డాక్టర్ల తప్పు పెద్దగా లేదు. చీటీ రాసే నిమిషానికి ఫలితం చేతిలో లేకపోవటమే లోపం.

జన్యు పరీక్ష వైద్యంలో భాగం కావాలంటే అడ్డుపడేది పరీక్ష ఖరీదే అని మనవాళ్ళు అనుకుంటారు. ఖరీదు ఒకటే కాదు. రక్తంలో చక్కెర పొద్దున ఒకలాగ సాయంత్రం ఒకలాగ వుంటుంది, దాన్ని మళ్ళీ మళ్ళీ చూడాలి. జన్యువు అలా మారదు. పుట్టిననాడు చూసినా ఎనభయ్యో ఏట చూసినా అదే. ఒక్కసారి చూసి రాసి పెడితే జన్మంతా పనికొస్తుంది. కాని రాసిన కాగితం ఎక్కడ వుండాలి? నా విషయంలో అది ముప్ఫయ్యేళ్ళు పర్సులో వుంది.

2014లో నాకు పిత్తాశయంలో రాళ్ళకు ఆపరేషను చేయవలసి వచ్చింది. ఈసారి పెద్ద నగరంలో, అద్దాల ఆసుపత్రి. చేరేటప్పుడు కంప్యూటరు ముందు కూర్చున్న అమ్మాయికి చీటీ చూపించాను. ఆమె పాపం అటు వెతికి ఇటు వెతికి, “దీనికి కాలమ్ లేదు సార్, ఎలర్జీలో వేసేస్తా” అన్నది. ఇది ఎలర్జీ కాదమ్మా అంటే, “ఎలర్జీలో వేస్తేనే ఎర్రగా కనిపిస్తుంది సార్” అన్నది. ఆమె తెలివికి నాకు ముచ్చటేసింది. కాని ఎర్రగా కనిపించే ఆ తెర ఆపరేషను గదిలో ఎవరూ తెరవలేదు. బల్ల మీద పడుకున్నాక చిన్నవాడు, మత్తు డాక్టరు, దగ్గరికి వంగి మొహమాటపడుతూ అడిగాడు: “ఏమీ అనుకోకండి సార్, మీరేమిట్లు?” అద్దె ఇంటికి వెళ్ళినప్పుడల్లా నాకు ఒళ్ళు మండించిన ప్రశ్న అది. ఆ రోజు మాత్రం అడిగినవాడికి దండం పెట్టాలనిపించింది. “వైశ్యులం బాబూ, నాకు ఎంజైము లేదు, చీటీ నా చొక్కా జేబులో వుంది” అన్నాను. చొక్కా బయట మా ఆవిడ దగ్గర వున్నది. ఆ కుర్రవాడు వెళ్ళి తెచ్చి చదువుకుని, ట్రేలోంచి ఒక సీసా తీసి పక్కన పెట్టాడు.

ఐరోపాలో ఏడు దేశాలు కలిసి ఈ చిక్కునే పట్టుకున్నాయి. 6,944 మంది రోగులతో చేసిన ఆ ప్రయోగం ఫలితం 2023లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. అందులో ఒక్క మందుకు ఒక్క పరీక్ష అని లేదు. 12 జన్యువులు ముందే ఒకేసారి చూసి, వచ్చిన ఫలితాన్ని చిన్న కార్డుగా రోగి చేతికే ఇచ్చారు, డాక్టరూ మందుల షాపువాళ్ళూ చూడటానికి వీలుగా. మందు విషయంలో మార్పు అవసరమని జన్యువు చెప్పినవారిలో, చెప్పుకోదగ్గ దుష్ఫలితాలు మామూలుగా వైద్యం పొందినవారికి 27.7 శాతం మందిలో వస్తే, కార్డువారికి 21 శాతం మందిలో వచ్చాయి. గొప్ప అద్భుతమేమీ కాదు. దుష్ఫలితాలు నాలుగింట ఒక వంతు తగ్గాయి, అంతే. కాని ఆ కార్డు గురించి చదివినప్పుడు నాకు మేడమ్ చీటీ గుర్తొచ్చి నవ్వు వచ్చింది.

మిగతా మందుల గురించి త్వరగా చెప్తాను. కాన్సరుకిచ్చే 5-ఫ్లూరోయురాసిల్‌ని విరగ్గొట్టే ఎంజైము కొద్దిమందిలో తక్కువగా వుంటుంది, మరీ కొద్దిమందిలో అసలు వుండదు. వాళ్ళకు మామూలు మోతాదే విషం. 2020లో ఐరోపా మందుల సంస్థ, ఇచ్చే ముందు పరీక్షించమని చెప్పింది. గుండెలో స్టెంటు వేసినవాళ్ళు మింగే క్లోపిడోగ్రెల్‌ది తిరగేసిన కథ. మింగినప్పుడు అది మందే కాదు, కాలేయంలో సి.వై.పి.2సి19 అనే ఎంజైము దాన్ని మందుగా మార్చాలి. అది సరిగా లేనివాళ్ళు బిళ్ళ మింగుతూనే వుంటారు, రక్షణ అందదు. ఆ మార్పు మన దేశంలో బాగా ఎక్కువ. 2010లో అమెరికా మందుల శాఖ దాని మీద పెద్ద హెచ్చరిక పెట్టింది. ఆ తరువాత కూడా అందరికీ పరీక్ష చేయాలా వద్దా అని గుండె డాక్టర్లు వాదులాడుకున్నారు. వాదనలో రెండు పక్షాలకూ న్యాయం వుంది, అదంతా ఇక్కడ ఇమడదు.

వార్ఫరిన్ గురించి మాత్రం ఒక్క మాట చెప్పి తీరాలి. రక్తం గడ్డ కట్టకుండా ఇచ్చే ఈ మందు మోతాదును జన్యువుల్ని బట్టి లెక్క కట్టవచ్చునని ఎంతో ఆశపడ్డారు. 2013లో రెండు పెద్ద ప్రయోగాలు ఒకేసారి వెలువడ్డాయి. ఐరోపాలో కొంత మేలు కనిపించింది, అమెరికాలో కనిపించలేదు. అమెరికాలో నల్లజాతి రోగులకు జన్యు లెక్క ప్రకారం ఇచ్చినప్పుడు మామూలు లెక్క కంటే అధ్వాన్నంగా వచ్చింది. ఆ లెక్క తయారు చేసినవాళ్ళు, నల్లవాళ్ళలో ఎక్కువగా వుండే మార్పుల్ని అందులో చేర్చలేదు. జాబితాలో లేని మార్పును ఏ పరీక్షా చూడదు. చూడలేదని కూడా చెప్పదు, అంతా బాగున్నదనే చెప్తుంది. విదేశీ జాబితాతో తయారైన పరీక్ష నాలాంటివాడికి చేస్తే, 307వ స్థానం అందులో లేకపోతే, నాకు స్కోలిన్ నిక్షేపంగా ఇవ్వవచ్చునని రాసి ఇస్తారు. ఇది తలచుకుంటే నాకు ఇప్పటికీ చెమట పోస్తుంది. మన జాబితా మనమే తయారు చేసుకోవాలి. పదివేల మంది భారతీయుల జన్యు వివరాలు 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి వచ్చాయి. మన విద్యార్థుల్లో ఎవరికైనా పరిశోధన మీద మనసుంటే అక్కడ చేతినిండా పని వుంది.

ఇంత చెప్పాక మా ఇంటి సంగతి ఒకటి దాచటం న్యాయం కాదు. శాస్త్రం పత్రికల్లో ఎంత ముందుకు పోయినా ఇంట్లో గడప దగ్గర ఆగిపోతుంది.

మా అక్కకు ఎంజైము సగమని చెప్పాను గదా. అంటే ఒక చెడ్డ ప్రతి వున్నది. బావగారిదీ మా కులమే, ఆయనకూ ఒకటి వుంటే మా మేనకోడలికి రెండూ రావచ్చు. పరీక్ష చేయించవే అని నేను అక్కను పదేళ్ళు బతిమాలాను. వినలేదు. “పిల్లకి రక్తంలో ఏదో లేదని కాగితం పుట్టిందంటే ఇంక సంబంధాలు వస్తాయిట్రా? నీకేం, మగపిల్లవాడివి, నీ చీటీ చూసి ఎవరూ కట్నం తగ్గించలేదు” అన్నది. నేను జన్యుశాస్త్రమంతా చెప్పాను. అది జబ్బు కాదన్నాను, ఒక్క మందు పడకపోవటమే అన్నాను. కాని అక్క అన్న దానిలో అబద్ధం లేదు. ఎవరి చేతిలో పడితే ఆ కాగితం ఏ అర్థమిస్తుందో ఆమెకు నాకంటే బాగా తెలుసు. పెళ్ళి కుదిరింది, పరీక్ష లేదు.

2016లో ఒక అర్ధరాత్రి మేనకోడలి భర్త ఫోను చేశాడు. నొప్పులు వస్తున్నాయి, బిడ్డ గుండె చప్పుడు తగ్గుతోంది, వెంటనే కోయవచ్చునంటున్నారు, మావయ్యగారూ అన్నాడు. తొందర ఆపరేషనంటే పూర్తి మత్తు కావచ్చు, పూర్తి మత్తంటే గొట్టం, గొట్టమంటే స్కోలిన్. పైగా గర్భిణుల్లో ఈ ఎంజైము మామూలుగానే కొంత తగ్గి వుంటుంది. “మత్తు డాక్టరు గారికి ఒక్క మాట చెప్పాలి బాబూ, రాసుకో” అని అక్షరం అక్షరం చెప్పాను. అతను తప్పులతో రాసుకుని పరుగెత్తాడు. తరువాత గంటసేపు నా ఫోను మోగలేదు. ఆ గంటలో నాకు వినిపించినదల్లా 1983 నాటి రబ్బరు తిత్తి చప్పుడే.

వెన్నులో సూది ఇచ్చి కోశారట, పూర్తి మత్తు అవసరం పడలేదు. ఆడపిల్ల పుట్టింది, తల్లీ బిడ్డా క్షేమం. మూడు నెలలు గడిచాక అక్క తనంతట తానే కూతుర్ని తీసుకుని పరీక్షకు వచ్చింది. ఫలితం నా దానిలాగే వున్నది, దాదాపు సున్నా. అక్క ఏమీ మాట్లాడలేదు. మర్నాడు నా పాత చీటీ అడిగి తీసుకుని జిరాక్సు షాపుకి వెళ్ళి, అందులోని మూడు వాక్యాలూ కూతురి పేరు మీద టైపు చేయించి, డాక్టరు చేత సంతకం పెట్టించి, లామినేషను వేయించింది. ఒకటి కూతురి పర్సులో పెట్టింది, ఒకటి అల్లుడి పర్సులో. మూడోది తన బీరువాలో, పెళ్ళి శుభలేఖల కట్ట పక్కన వున్నది.